డేగ చూసుకోని వైఫై కార్డు

ఉదయం పదకొండున్నరకు హోటల్ నాలుగో అంతస్తులో డేగ ల్యాప్‌టాప్ తెరిచాడు. వైఫై రాలేదు.

డేగ అన్నది గూఢచారి విభాగం పెట్టిన పేరు. ఆ రోజు వేషం ఏసీ మెకానిక్. పక్క గదిలో ఒక విదేశీ ముఠా మనిషి ఉన్నాడు. ముఠాలో చొరబడిన ఏజెంట్ల పేర్లున్న సీల్డ్ ఫైలును పన్నెండుకు తమ హెడ్‌క్వార్టర్స్‌కి పంపుతాడు. అది తెరవడం అతనికీ కుదరదు. అందులో మొదటి పేరు నెమలిది. ముఠా మనిషిలా నటిస్తూ, అతని పక్క కుర్చీలోనే నల్ల గౌనులో కూర్చున్న డబుల్ ఏజెంట్ ఆమె.

ఫైలు ఆగితే అనుమానం నెమలి మీదికే వస్తుంది. అందుకే చీఫ్ ఒక్క మాటే చెప్పాడు: "వాళ్ల వైఫైలో దూరు. అసలుది పట్టుకో, దొంగది పంపు." పాస్‌వర్డ్ నెమలి ముందే చేరవేసింది.

వైఫై కార్డు ఉందని ల్యాప్‌టాప్‌ని నడిపే లైనక్స్ చెప్పింది. దాన్ని నడిపే ఫర్మ్‌వేర్ లేదని కూడా చెప్పింది. ఫర్మ్‌వేర్ ఇంటర్నెట్‌లో ఉంది. ఇంటర్నెట్ కావాలంటే కార్డు నడవాలి. వైరుతో నెట్ తీసుకుందామంటే గదిలో లాన్ సాకెట్ లేదు.

టెక్నికల్ విభాగం పెద్దావిడకు ఫోన్ చేశాడు. ఆఫీసులో అందరూ ఆమెను అత్తయ్య అంటారు. ల్యాప్‌టాప్ సిద్ధం చేసి, ముట్టుకోవద్దని చెప్పి ఇచ్చింది ఆమే. నిన్న సాయంత్రం తోచక దాన్ని తుడిచేసి కొత్త లైనక్స్ ఎక్కించానని, మిషన్ ప్రోగ్రాములన్నీ మళ్లీ పెట్టానని డేగ నసిగాడు.

"ఇంట్లో లాన్ వైరు పెట్టి ఎక్కించావా?"

"అవును అత్తయ్యా."

"వైరు పీకి చూశావా?"

చూడలేదని డేగ ఒప్పుకున్నాడు. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది. ఫోన్‌ని వైరుతో ల్యాప్‌టాప్‌కి కలిపి, యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి, ఫోన్ నెట్‌తో ఫర్మ్‌వేర్ దించుకోమంది.

కలిపాడు. ఛార్జింగ్ ఎక్కింది, అంతే. అది డేటా వెళ్లే వైరు కాదు.

ఐస్ కోసం నెమలి కారిడార్‌లోకి వచ్చింది. డేగ నిచ్చెన పట్టుకుని ఎదురెళ్లాడు.

"మేడమ్, మీ ఫోన్ వైరు ఇస్తారా?"

"దేనికి?" ఆమె గొంతు తగ్గించింది.

చెప్పాడు. ఆమె ముఖంలోకి చూడలేక నిచ్చెన మెట్లతో చెప్పాడు.

"నా ప్రాణం నీ చేతికిస్తే, దానికి కొత్త వెర్షన్ ఎక్కించావన్నమాట."

ఆమె లోపలికెళ్లి వచ్చింది. వైరు అతని టూల్ సంచిలో పడేసి, ఐస్ బకెట్‌తో ముందుకు నడిచింది.

ఫర్మ్‌వేర్ దిగింది. కార్డు డ్రైవర్ ప్రోగ్రాం తీసి మళ్లీ లోడ్ చేశాడు. వైఫై పేర్లు తెర మీద వరుసకట్టాయి. పాస్‌వర్డ్ కొట్టి, మిషన్ ప్రోగ్రాం నడిపేసరికి పక్క గదిలో ముఠా మనిషి సెండ్ నొక్కాడు. అసలు ఫైలు డేగ ల్యాప్‌టాప్‌లో ఆగింది. దొంగది వెళ్లింది.

సాయంత్రం సేఫ్ హౌస్‌లో చీఫ్ ఇద్దరినీ మెచ్చుకున్నాడు. డేగ తల ఎత్తలేదు. ఇంకేమైనా చెప్పాలా అని చీఫ్ నెమలిని అడిగాడు.

"ఈయన్ని మళ్లీ పంపండి, ఫర్వాలేదు. ముందు రోజు సాయంత్రం మాత్రం ఏదో ఒక పని చెప్పండి."

చీఫ్ నవ్వలేదు. సరేనన్నాడు.