ఎండు కొలత

మంగళవారం. మధ్యాహ్నం పన్నెండు నలభై.

దర్జీ తాత తన ఇంటి హాల్లో, మెట్ల కింద, చీలమండ లోతు నీళ్ళలో వెల్లకిలా పడి ఉన్నాడు. తల చుట్టూ నీళ్ళు ఎర్రబడ్డాయి. కుడిచేతి గుప్పిట్లో కళ్ళజోడు. దానికి మాత్రం చిన్న గీత కూడా పడలేదు.

మేడ మీద బాత్‌రూమ్ లోంచి నీళ్ళు మెట్ల మీదుగా దిగుతూనే ఉన్నాయి. పెళ్ళివారిలా, ఒకరి వెనక ఒకరు, తాపీగా.

"కరెంటు! ముందు మెయిన్ ఆపండి!" గుమ్మంలోంచి ఒక ఆడగొంతు అరిచింది.

ఆ మాట పూర్తయ్యేలోపే ఒక ముసలాయన నీళ్ళలోకి దూకాడు. మనిషిని రెండు చేతులా ఎత్తుకున్నాడు. అరవై ఆరేళ్ళ మనిషి డెబ్భై ఏళ్ళ మనిషిని మోసుకుంటూ వీధిలోకి పరిగెత్తాడు.

అరిచింది ఫ్రాంచైజీ యజమానురాలు. మోసింది ఆమె సొంత బాబాయి.

వాళ్ళది పాడైన ఇళ్ళను బాగుచేసే వ్యాపారం. నీళ్ళు చేరినా, నిప్పంటుకున్నా, బూజు పట్టినా ఫోన్ చేస్తే చాలు. వ్యాన్‌లో వస్తారు. నీళ్ళు తోడతారు, పొగమసి కడుగుతారు, బ్లోయర్లు పెట్టి గోడలు ఆరబెడతారు. లోకమంతా ఇల్లు చల్లగా ఉండాలని దీవిస్తుంది. వీళ్ళకి మాత్రం ఏదో ఒక ఇల్లు తడిస్తేనే పొయ్యి వెలుగుతుంది.

మూడు రోజులు గడిచాయి. దర్జీ తాత ఇంకా కళ్ళు తెరవలేదు.

* * *

శుక్రవారం, రెండు గంటల ముప్ఫై నిమిషాలకు ఇన్‌స్పెక్టర్ జీపు దిగాడు.

డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆయన్ని తుమ్ముల ఇన్‌స్పెక్టర్ అంటారు. చెమ్మ ఆయనకి పడదు. ఒకసారి ఆయన తుమ్మితే అటక మీద నక్కిన దొంగ జారి ఒళ్ళో పడ్డాడని చెప్పుకుంటారు. నేను చూడలేదు. చూసినవాడు అబద్ధం చెప్పడు, చెప్పినా ఇంత చక్కగా చెప్పలేడు.

గుమ్మంలో అడుగుపెట్టగానే మూడు తుమ్ములు.

"ఇంకా తడి ఉంది," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

హాల్లో ఏడు బ్లోయర్లు గుంయ్‌మంటున్నాయి. మూల రెండు డీహ్యూమిడిఫయర్లు గాలిలోని చెమ్మను పీల్చి బకెట్లలోకి వదులుతున్నాయి. ఆయన ఇల్లంతా తిరిగాడు. వంటగదిలో టైల్స్. పడకగదిలో టైల్స్. మేడ మీదా టైల్స్. హాల్లో మాత్రం చెక్క నేల. మోకాళ్ళకు చల్లదనం పడక దర్జీ తాత ముచ్చటపడి వేయించుకున్నాడు.

నలుగురు ఆయన కోసం ఎదురుచూస్తున్నారు. యజమానురాలు, బాబాయి, ఆ వీధి ప్లంబర్, ఇంకా హెడ్డాఫీసు మేనేజర్. మేనేజర్ టై బిగించుకుని, మోకాళ్ళ మీద ఫైలు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ ఫైల్లో ఒక ఉత్తరం ఉంది.

"ఇన్‌స్పెక్టర్‌గారూ, మాకు ఐదింటివరకే టైము," అన్నాడు మేనేజర్. "ఈ బ్రాంచి మీద అనుమానం లేదని మీరు రాసిస్తే సరే. లేకపోతే ఫ్రాంచైజీ రద్దు. వ్యాన్లు, మిషన్లు, బోర్డు, అన్నీ తీసుకెళ్ళిపోతాం."

యజమానురాలి మొహంలో నెత్తురుచుక్క లేదు. మూడు రోజులుగా అదే చీర.

"మేడమ్, ఈ నెల మీకెన్ని పనులొచ్చాయి?"

"ఆరు."

"పోయిన నెల?"

"ఆరు. అంతకుముందు ఆరు."

"లెక్క భలే కుదిరిందే?"

"కుదరాల్సిందే సార్. మూడు నెలలు వరసగా నెలకి ఆరు చేస్తే పక్క పట్టణం కూడా నాకిస్తారు. చెయ్యలేకపోతే ఉన్నదీ పోతుంది. రూలు వాళ్ళదే." ఆమె మేనేజర్ వైపు చూడలేదు.

"ఈ నెల ఆరింట్లో మూడు, ఎవరూ లేని ఇళ్ళు. మూడింట్లోనూ పైపు పగల్లేదు. నట్టు విప్పారు. ఈ ఇంట్లో విప్పింది మంగళవారం పదకొండు ప్రాంతంలో. అప్పుడు మీరెక్కడున్నారు?"



"ఈ వీధిలోనే. కరపత్రాలు పంచుతున్నాను."

"ఈ గేటుకి స్టిక్కర్ అంటించింది?"

"నేనే."

"పన్నెండూ పదికి పక్కింటామె గుమ్మం కింద నీళ్ళు చూసి ఫోన్ చేసింది ఆ స్టిక్కర్ మీది నంబరుకే. తెలుసా?"

"తెలుసు సార్. వర్షంలో కూడా తిరిగి అంటించాను. అంతకుమించి నేనేం చెయ్యలేదు. మా అబ్బాయి మీద ఒట్టు."

ఇన్‌స్పెక్టర్ జేబులో అరెస్టు కాగితం ఉంది. పేరు రాసే చోటు ఖాళీగా ఉంది. కానీ కలం మూత తీసి రెండు రోజులైంది.

ఆయన ప్లంబర్ వైపు తిరిగాడు. ప్లంబర్ అడక్కముందే లేచి నిలబడ్డాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం.

"సార్, మూడిళ్ళలో రెండింటి పైపులు నేనే వేశాను, నిజమే. కానీ సార్, నేను బిగించి బతికేవాణ్ణి, విప్పి కాదు!"

"మేడ మీద విప్పిన నట్టు ఇదీ, చూడు. ఏం కనబడుతోంది?"

ప్లంబర్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏం కనబడట్లేదు సార్."

"అదే అడుగుతున్నా. పానా పళ్ళ గుర్తులేవి?"

"ఓహో... గుడ్డ చుట్టి విప్పారు. గీత పడకుండా." ప్లంబర్ తల గోక్కున్నాడు. "ఇంత మర్యాద మా వాళ్ళలో ఎవరికీ లేదు సార్. ఎవడో పనిమీద ప్రేమున్నవాడు."

మేనేజర్ గడియారం చూసుకున్నాడు. మూడూ ఐదు.

* * *

ఇన్‌స్పెక్టర్ ముసలాయన పక్కన కూర్చున్నాడు. బాబాయి చేతిలో అరచేయంత మీటరు ఉంది. దాని మూతికి రెండు సూదులు.

"పెద్దాయనా, మీరిక్కడ ఏం చేస్తారు?"

"కొలుస్తానండీ. రోజూ నాలుగింటికి. ఈ సూదులు చెక్కలో గుచ్చితే ఎంత తడుందో అంకె చెబుతుంది. మొన్న నలభై. నిన్న ఇరవై ఆరు."

"ఎంతకి వస్తే ఆరినట్టు?"

ముసలాయన మొహం మొదటిసారి వికసించింది. తన పని గురించి అడిగితే ఏ పనివాడు ఊరుకుంటాడు?

"అదీ ప్రశ్నంటే! చెక్క సున్నాకి రాదు బాబూ. ప్రతి చెక్కకీ దాని చెమ్మ దానికుంటుంది. అందుకని ఇంట్లోకి అడుగుపెట్టగానే, తడవని చోట అదే చెక్కని కొలవాలి. దాన్ని ఎండు కొలత అంటాం. తడిసింది ఆ కొలతకి దిగేదాకా మిషను ఆపకూడదు. ఎండు కొలత లేకుండా ఆరబెట్టడం, ఒళ్ళు కొలవకుండా చొక్కా కుట్టడం ఒకటే. దర్జీ తాతనడగండి..."

మాట అక్కడే తెగిపోయింది. అడగటానికి దర్జీ తాత ఆసుపత్రిలో కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఇంటింటికీ నింపే కొలతల ఫారాలు మీరే రాస్తారా?"

"నేనే. ఇరవై రెండు గడులు. ఒక్కటీ ఖాళీ వదలను."

"ఎప్పుడైనా అంచనాగా రాసేస్తారా?"

"ఆ మాటనకండి. కంటితో చూడని అంకె రాస్తే ఈ చెయ్యి పడిపోవాలి. నలభై ఏళ్ళు వడ్రంగం చేశానండీ. అంగుళానికి అంగుళమే, గోరుమందం తేడా రానివ్వలేదు."

"మంగళవారం పదకొండింటికి ఎక్కడున్నారు?"

"షెడ్డులో. మిషన్లు తుడుస్తున్నా."

"ఎవరైనా చూశారా?"

"మిషన్లు చూశాయి."

ప్లంబర్ కిసుక్కున నవ్వి, ఎవరూ నవ్వకపోవడం చూసి దగ్గాడు.

ఇన్‌స్పెక్టర్ ఈ ఇంటి ఫారం తీసుకున్నాడు. ఇప్పటికి మూడుసార్లు చదివాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఇరవై రెండు గడులూ నిండి ఉన్నాయి. తప్పుల కోసం వెతికినవాడికి ఒక్క తప్పూ దొరకలేదు.

నాలుగోసారి చదివాడు.

పద్నాలుగో గడి దగ్గర ఆగాడు.

తల ఎత్తి నేలకేసి చూశాడు. పడకగది గుమ్మంకేసి చూశాడు. ఫారంతో ఉన్న ఫొటోలు బయటికి తీసి, అందులో ఒకదాన్ని కిటికీ వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు.

తర్వాత కలానికి మూత పెట్టాడు. ఆ చిన్న చప్పుడికే యజమానురాలు ఉలిక్కిపడింది.

* * *

మూడూ నలభై.

"ఈ ఫొటో ఎవరు తీశారు?"

"నేనే," అంది యజమానురాలు. "పని మొదలుపెట్టే ముందు ప్రతి గదీ ఫొటో తియ్యాలి. కంపెనీ రూలు."

"పన్నెండూ యాభై రెండు అని దీని మీదే ఉంది. హాల్లో ఎక్కడైనా పొడి నేల కనబడుతోందా?"

"లేదు. గోడ నుంచి గోడ దాకా నీళ్ళే."

"ఈ ఇంట్లో ఇంకెక్కడైనా చెక్క నేల ఉందా?"

"లేదు సార్. మిగతాదంతా టైల్సే."

ఇన్‌స్పెక్టర్ ఫారం ఆమె చేతికిచ్చాడు.

"పద్నాలుగో గడి చదవండి."

ఆమె చదివింది. "ఎండు కొలత. చెక్క నేల, కిటికీ కింద. తొమ్మిది."

చదివిన తర్వాత మళ్ళీ చదివింది. ఈసారి పెదవులు మాత్రమే కదిలాయి.

"అందరం ఖాళీ గడి కోసం వెతికాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇది ఖాళీగా ఉండాల్సిన గడి. మీరొచ్చేసరికి తడవని చెక్క ఈ ఇంట్లో అరచేతి వెడల్పు కూడా లేదు. తొమ్మిది అన్న అంకె నీళ్ళు రాకముందు కొలిస్తేనే దొరుకుతుంది. ఆ ముందు ఇక్కడ ఉన్నది నట్టు విప్పినవాడొక్కడే."

ఏడు బ్లోయర్ల హోరు.

ఆమె పరుగున వెళ్ళి ముసలాయన ముందు మోకాళ్ళ మీద కూలబడింది. రెండు భుజాలూ పట్టుకుంది.

"బాబాయ్, అంచనాగా రాశానని చెప్పు. అలవాటు మీద రాసేశానని చెప్పు. ఒక్క మాట, బాబాయ్. నా కోసం."

ఇన్‌స్పెక్టర్ కాదనలేదు. అంచనా అంటే అంచనానే. ఒక తప్పుడు అంకె రాసినందుకు ఎవరినీ జైల్లో పెట్టరు. ఆయన చేతిలో ఆ గడి తప్ప ఇంకేమీ లేదు.

"అంచనాయేనా, పెద్దాయనా?"

బాబాయి మీటరును చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు.

"కిటికీ కింద వెతకండి బాబూ," అన్నాడు చివరికి. "మూడో పలకలో రెండు సూదిగుచ్చులుంటాయి. నేను కొలిచాను. అంచనాగా రాయలేదు."

"బాబాయ్!"

"ఊరుకో తల్లీ. నిన్ను తీసుకుపోతారనుకున్నా. మూడు రోజుల నుంచీ చెబుదామనే, నోరు రాలేదు." ఆయన ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగాడు. "ఈ పిల్లని వాళ్ళ నాన్న నా చేతుల్లో పెట్టి పోయాడు. ఎండలో వానలో గేటుగేటుకీ తిరుగుతుంటే చూడలేకపోయా. ఇంటికొచ్చి చెప్పుల్లోంచి నెత్తురు కడుక్కునేది. నెలాఖరుకి మూడే పనులు. ఇంకో మూడు కావాలి. ఎవరూ లేని ఇళ్ళు చూసుకున్నా. మూడిళ్ళ దొడ్డి తలుపులూ నేను బిగించినవే. ఏ గొళ్ళెం ఎక్కడ ఎత్తితే వస్తుందో నాకు తెలుసు."

"ఈ ఇల్లే ఎందుకు?"

"ఈ నేల వేసింది నేనే. మంచి టేకు. తడిసినా ఆరుతుందని తెలుసు. ఆయన వారం దాకా కూతురింటి నుంచి రాడన్నారు. కళ్ళజోడు మరిచిపోయాడని ఎవరికి తెలుసు? పై నుంచి తీసుకుని దిగుతూ తడి మెట్ల మీద..."

"పాడుచెయ్యడానికి వచ్చిన మనిషి కొలత ఎందుకు తీశారు?"

ముసలాయన ఈ ప్రశ్నకి నిజంగా ఆశ్చర్యపోయాడు.

"తడిపాక ఎండు కొలత ఎక్కడ దొరుకుతుంది బాబూ? పాడుచేసేది నేనే అయినా, బాగుచేసేటప్పుడు సరిగ్గా చెయ్యొద్దూ?"

ప్లంబర్ తల దించుకున్నాడు. ఈసారి దగ్గు కూడా రాలేదు.

కిటికీ కింద, మూడో పలకలో, వేలెడు దూరంలో రెండు సూదిగుచ్చులు దొరికాయి. చెక్క ఉబ్బడంతో సగం పూడుకుపోయాయి. నీళ్ళు రాకముందు పడినవే.

కానిస్టేబుల్ గుమ్మంలోంచి వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ దాన్ని పైకే చెప్పాడు.

"దర్జీ తాత కళ్ళు తెరిచాడట. కూతుర్ని గుర్తుపట్టట్లేదు. కళ్ళజోడు ఏదని మాత్రం అడుగుతున్నాడట."

బాబాయి అప్పుడు ఏడ్చాడు. అంతవరకూ ఏడవలేదు.

జీపు ఎక్కబోతూ వెనక్కి తిరిగి మీటరు ఆమె చేతిలో పెట్టాడు.

"నాలుగైంది అమ్మాయ్. నాలుగో రోజు కొలత మరిచిపోకు. కిటికీ కింద, గోడ వైపు. సూదులు అడ్డంగా కాదు, చెక్క గీత వెంబడి గుచ్చాలి."

* * *

మేనేజర్ ఫైలు తెరిచి ఉత్తరం తీశాడు. కాగితం కరకరలాడింది.

"సారీ మేడమ్. ఇక చెప్పేదేముంది? మిషన్లు ఆపించండి. వ్యాన్ బయట ఉంది, ఎక్కించేస్తాం."

ఆమె వినిపించుకోలేదు. కిటికీ కింద మోకాళ్ళ మీద కూర్చుంది. చెక్క గీత వెంబడి సూదులు గుచ్చింది. మొదటిసారి జారింది. రెండోసారి దిగింది.

అంకె వెలిగింది.

"తొమ్మిదా?" అన్నాడు మేనేజర్. "తొమ్మిది రాసెయ్యండి. పని అయిపోయినట్టే. గొడవ లేకుండా మూసేద్దాం."

"పదిహేడు," అంది ఆమె.

పదిహేడనే రాసింది.

"మీ గడియారంలో ఎంతైంది?"

"నాలుగూ ఎనిమిది."

"మీ ఉత్తరం అమలయ్యేది ఐదింటి నుంచి. ఐదింటిదాకా ఇవి నా మిషన్లు."

"ఐదు తర్వాత?"

ఆమె లేచి కిటికీల తలుపులన్నీ బార్లా తెరిచింది. వంటగదిలోంచి పాతగుడ్డలు తెచ్చింది. మూడో పలక దగ్గర మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని, చేత్తో అద్దటం మొదలుపెట్టింది.

గుమ్మం దాకా వెళ్ళిన ప్లంబర్ ఒక నిమిషం నిలబడ్డాడు. తర్వాత చొక్కా చేతులు మడిచి, ఒక గుడ్డ అందుకున్నాడు.

వీధిలో జీపు స్టార్టయింది. దాని చప్పుడు మించి ఇన్‌స్పెక్టర్ తుమ్ము వినబడింది. ఒకటి. కాసేపాగి, రెండు.