రెండోసారి హర్రాజు

"ఎడ్వర్డ్, మీ చర్చిలో కోతపండుగ ఇవాళేనా?"

ఆదివారం పొద్దున్నే చీఫ్ అభిలాష్ ఫోన్ చేసి భక్తి గురించి అడిగాడంటే, ఎవరో దేశాన్ని అమ్ముతున్నారని అర్థం. ఏజెంట్ ఎడ్వర్డ్ కెమెరా గుండీ ఉన్న చొక్కా తొడుక్కున్నాడు.

"సింథటిక్ డీఎన్ఏ," అన్నాడు చీఫ్. "శామీర్‌పేటలో మూడు కంపెనీలకు మూడు ముక్కలుగా ఆర్డరిచ్చారు. స్క్రీనింగ్‌లో ఎవరి ముక్క వాళ్ళే చూసుకున్నారు. విడిగా అన్నీ శుద్ధపూసలే."

"కలిపితే?"

"ఎప్పుడో చచ్చిన రోగం లేచి కూర్చుంటుంది. మందు లేదు."

"కంపెనీలు ఆర్డర్లు ఒకరికొకరు చూపించుకోవాలన్న రూల్ ఏమైంది సార్?"

"కమిటీలో ఉంది. 'సింథటిక్' అంటే ఏమిటో ఇంకా తేలలేదు."

ఎడ్వర్డ్‌కు ఒళ్ళు మండింది. శత్రువుకు ఆర్డర్ పెట్టడానికి ఒక్క పూట చాలింది. ఈ కమిటీవాళ్ళు ఒక్క మాటకు అర్థం తేల్చడానికి ఏళ్ళ తరబడి జీడిపప్పు నములుతున్నారు.

ఆ ముక్కలున్న మూడు ట్యూబులు మచ్చ బొల్లారంలోని ఎడ్వర్డ్ వాళ్ళ చర్చిలో, కోతపండుగ కానుకల మధ్య ఉన్నాయని చెప్పింది జాస్మిన్. ఆ మూడింటిలో ఒక కంపెనీలో రూల్స్ చూసుకునే కంప్లయన్స్ ఆఫీసర్. పట్టుచీర, ఖరీదైన సెంటు, ఇటు డిపార్ట్‌మెంట్, అటు అమ్మే ముఠా, రెండువైపులా జీతం. ఏ కానుకలో ఉన్నాయో మాత్రం చెప్పలేదు. కొనేవాడు విక్టర్, విదేశీ దౌత్యాధికారి. వాడి ఒంటిమీద, కారుమీద చెయ్యి వెయ్యడానికి చట్టం ఒప్పుకోదు. సరుకు కారెక్కితే అంతే సంగతులు.

ముఠా పెట్టుకున్న కోడ్ వర్డ్ 'ప్రైజ్ ద లార్డ్'. చర్చిలో! విక్టర్ లోపలికి రాగానే ముసలీ ముతకా అందరూ అదే మాట చెప్పి చెయ్యి కలిపారు. తనవాళ్ళెవరో తెలియక వాడికి చెమటలు పట్టాయి. ఇలాంటి దద్దమ్మలకు భయపడాల్సి రావడం ఎడ్వర్డ్‌కు నామోషీగా అనిపించింది.

ఆరాధన ముగిసి, దేవుడికి వచ్చిన కానుకల హర్రాజు మొదలైంది. కోళ్ళు, సొరకాయలు అమ్ముడుపోయాయి. పాస్టర్ పెద్ద గుమ్మడికాయ ఎత్తగానే జాస్మిన్ నల్లకళ్ళద్దాలు తీసింది. విక్టర్ చెయ్యి లేపాడు.

ఎడ్వర్డ్ పోటీగా వేలం పాడాడు. డిపార్ట్‌మెంట్ మంజూరు చేసిన సొమ్ము రెండో పాటకే అయిపోయింది. విక్టర్ జేబులోని నోట్లన్నీ పళ్ళెంలో పోసి, కాయ ఎత్తుకుని గేటువైపు నడిచాడు. కారు డోరు తెరుచుకుంది.

అప్పుడు ఎడ్వర్డ్‌కు చిన్నప్పటినుంచీ చూస్తున్న సంగతి తట్టింది. ఈ చర్చిలో పెద్ద పాట పాడిన మర్యాదస్తుడు కాయను ఇంటికి మోసుకుపోడు. తిరిగి దేవుడికే ఇస్తాడు. దాన్ని మళ్ళీ పాడతారు.

"అయ్యగారూ! గీ సోదరుడు కాయ మళ్ల దేవునికే ఇస్తుండు!"

చప్పట్లు మోగాయి. పాస్టర్ పరుగున వచ్చి విక్టర్‌ను కౌగిలించుకుని, కాయ అందుకున్నాడు. అప్పటికే వాడి ఒక కాలు కారులో ఉంది. ఇంతమంది ముందు గుమ్మడికాయ కోసం పెనుగులాడే దౌత్యం వాడికెవరూ నేర్పలేదు.

రెండోసారి హర్రాజులో విక్టర్ మళ్ళీ చెయ్యి లేపాడు.

"పైసలేవి బిడ్డా? స్కాన్ జేస్తవా?" అని జాలిగా అడిగింది పోటీకి పాడుతున్న ఎడ్వర్డ్ చిన్నమ్మ ఎలీషమ్మ. విదేశీ ఫోనుకు ఆ విద్య తెలియదు. కాయ ఆమెకే దక్కింది.

చర్చి వెనక కోసి చూస్తే మూడు ట్యూబులూ ఉన్నాయి. దౌత్యరక్షణ లేని జాస్మిన్‌కు బేడీలు పడ్డాయి.

"నేను మీ మనిషిని!" అంది.

"వాళ్ళకూ అదే చెప్పారుగా మేడం," అన్నాడు ఎడ్వర్డ్.

ఇంతలో ఎలీషమ్మ నిలదీసింది. "నా కాయ ఏదిరా?"

"సీల్ జేసి పంపినం చిన్నమ్మా. అది సింథటిక్ కిందికొస్తదా రాదా అని కమిటీ తేల్చినంక ఇస్తరు."

ఎలీషమ్మ కొంగు దులుపుకుని లేచింది. "అయితే ఇగ పులుసుల సొరకాయనే ఏసుకుంట."