జేబులో చెవి

పందొమ్మిది వందల యాభై ఏడో సంవత్సరం. కడప నుంచి కమలాపురం పోయే బస్సులో కంబన్న తన చెవి మిషన్ ఆపేసి కూర్చున్నాడు.

రాజంపేట రైతుబిడ్డ. టైఫాయిడ్ వచ్చి వినికిడి పోతే మద్రాసులో ఆ మిషన్ కొన్నారు. చొక్కా జేబులో చిన్న డబ్బా, అందులోంచి చెవి దాకా ఒక తీగ. గొప్ప మిషనే. కాకపోతే మనిషి మాటకీ బస్సు రొదకీ దానికి తేడా తెలియదు. రెండింటినీ ఒకే శ్రద్ధతో పెంచుతుంది.

"ఏమప్పా, కొంచెం జరుగు. మా అవ్వ కూర్చోవాల" అంది పక్కన నిలబడిన అమ్మాయి.

కంబన్న కిటికీలోంచి శనక్కాయ చేలు చూస్తున్నాడు.

"నిన్నే! ఇనపడ్లా? దున్నపోతా!"

సరిగ్గా అప్పుడే తల తిప్పాడు. పెదాలు చూసి మాట పట్టుకోవడం అతనికి బాగా అలవాటు.

"దున్నపోతు అనేది తెలిసింది. దానికి ముందు ఏమంటివి?"

ఆమె ముఖం కందిపోయింది. అతను లేచి అవ్వను కూర్చోబెట్టాడు. ఆమెకు తీగ కనబడింది.

"రేడియో ఇంటాండావా?"

"లేదు. చెవుడు." మీట తిప్పి మిషన్ ఆన్ చేశాడు.

వెంటనే ఆమె అతని చెవిలో నోరు పెట్టి అరిచింది, ఊళ్లో అందరూ అరిచినట్టే.

"చెవిలో అరిస్తే లాభం లేదు. మైకు జేబులో ఉండాది. దాంతో మాట్లాడాల."

ఆమె పరాయి మగాడి జేబు వైపు చూసింది. అటూ ఇటూ చూసింది. కొంచెం వంగి, జేబుతో, "తప్పయింది" అంది.

అవ్వ పకపకా నవ్వింది.

ముందు సీట్లో ఉన్న కంబన్న మేనమామ వెంకటేశ్వర్లు ఇదేమీ చూడలేదు. వినేవాళ్లున్నా లేకపోయినా మాట్లాడుతూ పోయే మనిషి ఆయన. ఇద్దరూ కమలాపురానికి పెండ్లిచూపులకు పోతున్నారు.

బస్సు దిగగానే ఆయన మిషన్ పీకి సంచిలో వేశాడు. "చెవుడని తెలిస్తే పిల్లనెవురిస్తారు? ఏమడిగినా నవ్వు."

"పెండ్లయినాక?"

"పెండ్లయినాక మొగోడు ఇంటే ఎంత, ఇనకుంటే ఎంత?"

పెళ్లికూతురి తండ్రి తిమ్మారెడ్డికి పెదాలను పూర్తిగా కప్పేసే మీసాలు. వాటి వెనక ఏ మాట నడుస్తోందో కంబన్నకు అంతుబట్టలేదు.

"మీ తాత కాలం చేసినాడంట కదా, పాపం."

కంబన్న చక్కగా నవ్వాడు. "అంతా మీ ఆశీర్వాదం."

ఇంటిల్లిపాదీ బిగుసుకుపోయారు.

"వాడు వేదాంతిలే" అన్నాడు మేనమామ.

ఇంతలో పళ్లెంతో పెళ్లికూతురు వచ్చింది. బస్సులో తిట్టిన పిల్లే! కడప నుంచి అవ్వను తీసుకుని అదే బస్సులో ఇంటికి వచ్చింది. పేరు రామేశ్వరి. ఆమె అతని ముఖం కంటే ముందు జేబు చూసింది.

"మీ పెట్టె యాడ?"

ఆ పెదాలకు మీసాల్లేవు. కంబన్నకు స్పష్టంగా అర్థమైంది. ఇంకోసారి నవ్వి తప్పించుకోవచ్చు. కానీ నవ్వి నవ్వి దవడలే కాదు, మనసూ నొప్పెట్టింది. సంచిలోంచి మిషన్ తీసి అందరి ముందూ పెట్టుకున్నాడు.

"నాకు చెవుడుండాది. దాచిపెట్టి పిల్లనడగనీకి వచ్చినాం. తప్పు మాదే."

తిమ్మారెడ్డి లేచి నిలబడ్డాడు. "చెవిటోనికి నా బిడ్డనియ్యను!"

అది బాగా వినపడింది. కంబన్న చెప్పుల కోసం వంగాడు.

"నాయనా" అంది రామేశ్వరి. "కోయిలకుంట్ల సంబంధం వద్దని ఏడ్చి చెప్తి. ఇంటివా? వాడు తాగి నీ పంచె మీదే కక్కిందాకా మానుకోలేదు. ఇంట్లో ఇన్ని చెవులుండాయి. నా మాట ఏ చెవికన్నా పడిందా?"

తిమ్మారెడ్డి మీసాలు కదిలాయి. పంచె దులుపుకుని మళ్లీ కూర్చున్నాడు.

అవ్వ లేచొచ్చి, దేవుడికి మొక్కుతున్నట్టు కంబన్న జేబు దగ్గర వంగింది. "ఏమప్పా, దీన్ని ఏలుకుంటావా?"

"ఏలుకునేది నాకు చేతకాదవ్వా. ఎదురుగా చెప్తే ఇంటా. ఎనకనించి పిలిస్తే పలకను. దానికి నన్ను తిట్టకుండా ఉండే పిల్ల కావాల."

"తిడతా" అంది రామేశ్వరి. "ఎదురుగా వచ్చి తిడతా."

తిమ్మారెడ్డి వాకిలి వైపు చెయ్యి చూపాడు. "పంచలో కూర్చుని మాట్లాడుకోండి" అన్నాడు.

పంచలోకి రాగానే వాన మొదలైంది. ఎండకు మాడిన సీమలో వానంటే పండగే. కానీ పంచమీద రేకుల చప్పుడు మిషన్‌లో ఉరుములై పేలింది. కంబన్న దాన్ని ఆపేశాడు. లోకం సద్దుమణిగింది. ఎదురుగా, జల్లుకు తడిసిన ముంగురులతో ఆమె ఒక్కతే మిగిలింది.

"మీరంటే నాకిష్టమే" అంది.

"ఏందీ?"

ఆమె దగ్గరికి జరిగి, పెదాలు బాగా కదిపి, మళ్లీ అంది.

"ఇంకోసారి."

మళ్లీ అంది. అంటూనే ఆగిపోయింది. కళ్లు చిన్నవి చేసుకుంది.

"మొదటిసారే తెలిసింది కదా?"

"తెలిసింది" అన్నాడు కంబన్న, ఆ పెదాల మీంచి చూపు తిప్పకుండా.

లోపల తిమ్మారెడ్డి పంచాంగం తెమ్మని కేకేశాడు. అది మాత్రం అతనికి నిజంగానే వినపడలేదు.