తోడు ఎక్కిన మెట్లు

ఆ ఆదివారం ఉదయం చర్చికి టైమైపోతోంది. భార్యని కారులో కూర్చోబెట్టి, అమ్మ కోసం కింద లిఫ్ట్ దగ్గర నిలబడ్డాడు సెక్రటరీ. అపార్ట్‌మెంట్ సంఘానికి సెక్రటరీ అయినప్పటినుంచీ భార్య కూడా అతన్ని వెక్కిరింపుగా అలాగే పిలుస్తోంది. లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు. పక్కన మెట్ల మీంచి మాత్రం అమ్మ రొప్పుతున్న చప్పుడు వినిపించింది.

ఒక చేత్తో రెయిలింగ్, ఇంకో చేత్తో పనిమనిషి చిట్టి భుజం పట్టుకుని, ఆగి ఆగి దిగుతోందావిడ. మోకాలి ఆపరేషనై ఇంకా ఏడాది కాలేదు.

"ఏంటమ్మా ఇది? లిఫ్ట్ బాగానే ఉందిగా!"

"ఉంది నాన్నా. చిట్టి ఎక్కకూడదన్నారుగా. తనకి తోడొస్తున్నా."

చిట్టి తల దించుకుంది. సెక్రటరీ మొహం మాడిపోయింది. పనివాళ్ళు ఎక్కకూడదంటూ లిఫ్ట్ పక్కన అంటించిన నోటీసు కింద ఉన్నది అతని సంతకమే. పనివాళ్ళ చెమట వాసన భరించలేకపోతున్నామని ఎదురింటి బ్యాంకు మేనేజరు గొడవ చేస్తే, సమావేశంలో అందరూ తలలూపారు. అతనూ ఊపాడు.

చర్చిలో ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఇంటికి రాగానే విరుచుకుపడ్డాడు.

"నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యాలనేనా అమ్మా?"

"నిన్ను ఒక్క మాటైనా అన్నానట్రా?"

"అనకుండానే చంపుతున్నావు! తిట్టినా బాగుండేది."

"కాళ్ళేమో ఆవిడవి, కోపమేమో మీకు," అంది భార్య వంటింట్లోంచి. "ఆ కాగితం చింపేస్తే పోలేదూ?"

"అది నేనొక్కణ్ణే పెట్టిన రూలా? అందరూ ఒప్పుకున్నారు."

"చిట్టి ఒప్పుకుందా?" అంది అమ్మ నెమ్మదిగా.

అతను కారు తాళాలు బల్ల మీద పడేశాడు. ఆవిడే మళ్ళీ అంది. "ఇల్లిల్లూ తుడిచి నడుం పడిపోయిన మనిషి ఐదంతస్తులు ఒంటరిగా ఎక్కుతుంటే, నేను లిఫ్ట్‌లో పైకొచ్చి ప్రార్థన చేసుకోనా? నాకు చాతకావట్లేదురా. అంతే. నీ మీద పంతం కాదు."

సాయంత్రం ఆవిడ ఫ్లాస్కులో సూప్ పోసుకుని చెప్పులేసుకోవడం చూసి అడిగాడు. "ఎక్కడికమ్మా?"

"ఎదురింటికి. మేనేజరు భార్యకి జ్వరమట."

"ఈ గొడవంతా మొదలుపెట్టింది ఆయనేగా!"

"అయితే ఆ పిల్లకి జ్వరం రాకూడదా ఏంటి?" అని నవ్వి వెళ్ళిపోయింది.

తిరిగొచ్చాక గది తలుపు ఓరగా వేసి ప్రార్థనకి కూర్చుంది. మందులివ్వడానికి వెళ్ళిన కొడుకు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఆ అమ్మాయికి నెమ్మదివ్వు తండ్రీ. మేనేజరుని చల్లగా చూడు. చిట్టి మనసులో గాయం మాన్పు. ఇక నా కొడుకు... చెడ్డవాడు కాడు ప్రభువా. నలుగురికీ జడిశాడు. నా మోకాలికంటే నాకదే నొప్పిగా ఉంది."

సంతకం పెట్టేటప్పుడే అది తప్పని అతనికి తెలుసు. కాదంటే వెలివేసినట్టు చూస్తారని భయపడ్డాడు. ఆ సంగతి ఎవరికీ తెలియదనుకున్నాడు. కన్నతల్లికి తెలియకుండా ఎలా ఉంటుంది?

మర్నాడు నోటీసు తనే చింపేసి, సాయంత్రం అందర్నీ పిలిచి తన మనసులో మాట చెప్పాడు. మేనేజరు ఒప్పుకోలేదు. చేతులెత్తమంటే ఎక్కువ చేతులు అటే లేచాయి. కొత్త సెక్రటరీ వచ్చాడు, నోటీసు మళ్ళీ ఎక్కింది.

తెల్లారి నడకకి దిగిన అమ్మని వెతుక్కుంటూ మెట్ల దారిన వెళ్ళాడు. మూడో అంతస్తు మలుపులో ఆవిడా చిట్టీ మెట్టు మీద కూర్చుని ఉన్నారు. చిట్టి ఆవిడ మోకాలు నిమురుతోంది. అతనూ ఆ కింది మెట్టు మీద కూలబడ్డాడు.

"ఓడిపోయానమ్మా."

ఆవిడ అతని జుట్టు సవరించింది. అంతే, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని చిట్టి వైపు తిరిగాడు.

"నీ మీద రాసిన రాతకి సంతకం పెట్టాను. క్షమించమ్మా."

చిట్టి ఆవిడ మోకాలు నిమురుతూనే ఉంది. "ఆ రోజు చాలా ఏడ్చాను సార్," అంది చివరికి. "మీరు కూడానా అని." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "సర్లెండి, కొంచెం జరగండి. అమ్మగారు కాలు చాపుకోవాలి."

పైనుంచి అడుగుల చప్పుడైంది. జ్వరం తగ్గి, గోడ పట్టుకుని మెల్లగా దిగుతోంది మేనేజరు భార్య.

"లిఫ్ట్ ఖాళీగానే ఉందమ్మా," అంది అమ్మ కంగారుగా.

"తెలుసు ఆంటీ. మా ఆయన అందులోనే దిగుతున్నారు. నాకే ఎక్కబుద్ధి కాలేదు."

ఆమె ఆయాసంతో అక్కడే ఆగిపోయింది. చిట్టి లేచి, తను కూర్చున్న చోటు కొంగుతో దులిపి, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.