మెత్తటి మాటల మనిషి

ఆదివారం పొద్దున్న ఎనిమిదయింది. ఆయన గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. లోకానికంతా సెలవు. మనుషులు ఇళ్ళల్లో దొరికేది ఆ ఒక్కరోజే కనుక ఆయనకు మాత్రం పని. బల్ల మీద కూతురు మూడు రంగుల కాగితాలు పరుచుకుని, పెన్ను నోట్లో పెట్టుకుని తెగ ఆలోచిస్తోంది.

"నాన్నా, నువ్వు బ్యాంకు మనిషివి కదా, ఈ మూడిట్లో ఏ క్రెడిట్ కార్డు మంచిదో చెప్పు."

చేతిలో బ్రష్ ఆగింది. కూతురి లెక్కలో ఆయన బ్యాంకు మనిషే. ఎనిమిదేళ్ళుగా ఇంట్లో చెలామణీ అవుతున్న మాట అది. కాలేజీ ఫారాల్లో తండ్రి ఉద్యోగం దగ్గర 'బ్యాంకులో కాగితాలు సరిచూసే పని' అని రాస్తుంది. నిజానికి ఆయన బ్యాంకులో అడుగుపెట్టిందే తక్కువ. కార్డు బాకీలు కట్టనివాళ్ళ ఇళ్ళకు పోయి వసూలు చేసుకొచ్చే ఏజెన్సీలో పని. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి కుర్చీ వేసి కూర్చోబెట్టేదెవరు?

అక్కడ ఆయన్ని 'మెత్తన్న' అంటారు. మిగతావాళ్ళు తలుపులు బాది, వీధంతా వినబడేలా అరుస్తారు. ఈయన అరవడు. మంచినీళ్ళు అడుగుతాడు. తాగి, గ్లాసు కింద పెట్టి, ఇంటాయన ఎన్నింటికి డ్యూటీ దిగుతాడో, పిల్లలు ఎక్కడ చదువుతున్నారో నింపాదిగా అడుగుతాడు. అంతకు మించి ఒక్క మాట అనడు. అందరికంటే ఎక్కువ వసూళ్ళు ఆయనవే.

ఈ సంగతి భార్యకు తెలుసు. కూతురికి తెలిసిన రోజు అది తన మొహం చూడదని ఆయన భయం. ఎనిమిదేళ్ళుగా గుండెల్లో రాయిలా ఉన్నది ఆ భయమే.

"నీకెందుకే కార్డు ఇప్పుడు?"

"ఎందుకేంటి? ఇప్పటినుంచే చిన్న కార్డు తీసుకుని సరిగ్గా కట్టుకుంటూ పోతే, రేపు పైచదువుకి లోను నా పేరు మీదే ఇస్తారు. ఎవరి సంతకం కోసమూ నువ్వు కాళ్ళరిగేలా తిరగక్కర్లేదు."

"ఎవరు చెప్పారమ్మా ఈ ముత్యాల్లాంటి మాటలు?"

"కాలేజీ గేటు దగ్గర స్టాల్ పెట్టారు నాన్నా. ఫారం నింపితే వీపు సంచి ఉచితం."

"సంచి చేతిలో పెట్టి మరీ అప్పిస్తున్నారా! ఎంత జాలిగుండెలో పాపం."

వంటింట్లోంచి భార్య అందుకుంది. "మీ నాన్న నోట తియ్యటి మాట రావాలంటే టీలో ఇంకో రెండు చెంచాలు చక్కెర వెయ్యాలే."

కూతురు నవ్వి మొదటి కాగితం పైకెత్తింది. "ఇది చూడు. జీవితాంతం ఫీజు లేదు. అరవై వేల దాకా వాడుకోవచ్చు. ఈ రెండోది సినిమా టికెట్లు ఇస్తుంది. మూడోది పిసినారి కార్డు. మన డబ్బే బ్యాంకులో డిపాజిట్ పెట్టాలి, ఇంచుమించు అంత వరకే వాడుకోనిస్తారు. నాకు మొదటిదే నచ్చింది. నిరుడు బొంగరం కూడా అదే తీసుకుంది."

"బొంగరమెవరు?"

"నా క్లాసమ్మాయి. నువ్వు ఇంట్లో లేనప్పుడు రెండుసార్లు మనింటికొచ్చింది. ఒకచోట కాలు నిలవదు, అందుకే ఆ పేరు." అంటూనే కూతురి గొంతు తగ్గింది. "మూడు వారాలుగా కాలేజీకి రావట్లేదు నాన్నా."

టీ కప్పుతో వస్తున్న భార్య, "ఒంట్లో బాగోలేదా?" అంది.

"అది కాదమ్మా. వాళ్ళమ్మ బట్టలు కుడుతుంది. ఇది కార్డు మీద ఆమెకు మోటారు మిషను కొనిపెట్టింది. నెలనెలా కడుతూనే ఉంది. బిల్లులో 'కనీసం ఇంత' అని ఉంటుందట, అది కట్టేది. ఫోనులో పచ్చ టిక్కు పడి, థ్యాంక్యూ అని వచ్చేది. అప్పు తీరిపోతోందనే అనుకుంది పిచ్చిది. మధ్యలో వాళ్ళమ్మ ఆసుపత్రిలో పడితే అదే కార్డుతో ఏటీఎంలో డబ్బు తీసింది. ఆ తర్వాత కనీసం కూడా కట్టలేకపోయింది."

ఆయన తల వంచుకుని బూటు రుద్దుతున్నాడు. రుద్దిన చోటే రుద్దుతున్నాడు.

"ఒకరోజు ఇంటికి ఎవరో మనిషి వచ్చాడట. తిట్టలేదు, కసరలేదు. మంచినీళ్ళు అడిగి తాగాడట. 'మీ అమ్మాయికి కాలేజీ ఎన్నింటికి వదులుతారమ్మా? ఏ దారిన వస్తుంది?' అని అడిగి వెళ్ళిపోయాడట. ఆ రోజు నుంచి వాళ్ళమ్మ దాన్ని గడప దాటనివ్వట్లేదు. మిషను అమ్మేసి కొంత కట్టారు."

మూడో అంతస్తు. మెడలో కొలతల టేపు. సూది కింద సగం కుట్టిన చొక్కా చెయ్యి. ఆయనకు అన్నీ గుర్తొచ్చాయి. ఆ సాయంత్రం ఆఫీసులో, 'ఆ ఇంటి డబ్బు పది రోజుల్లో నడుచుకుంటూ వస్తుంది' అని తను వేసిన జోకు కూడా. తొమ్మిదో రోజునే వచ్చింది.

"ఎలాంటి మనిషి నాన్నా వాడు? వాడికీ పిల్లలుంటారంటావా?"

భార్య కప్పు బల్ల మీద పెట్టి, ఆయన వైపు చూసింది.

"ఆ మొదటి కాగితం చించెయ్," అన్నాడాయన.

"ఎందుకు?"

"చించమన్నానా!"

"కారణం చెప్పకుండా కసురుతావేంటి? నేనేం చిన్నపిల్లనా?"

ఇంక ఆయన ఆగలేకపోయాడు. "ఆ కనీసం కడితే మిగిలినదాని మీద వడ్డీ పడుతుంది, కట్టకపోతే వడ్డీ మీద వడ్డీ. బాకీ ఉండగా కొత్తగా కొన్నవాటికి కూడా కొన్నరోజు నుంచే వడ్డీ. ఏటీఎంలో డబ్బు తీస్తే గడువనేదే లేదు, తీసిన రోజు నుంచే మొదలు. ఫీజు లేదన్నది కార్డుకి, ఆలస్యానికి కాదు. ఆ కాగితంలో 'జీవితాంతం' అని రాశారు చూడు, అదొక్కటే నిజం. తీసుకుంటే ఆ మూడోది తీసుకో. నెలనెలా బిల్లు మొత్తం కట్టు. దాంతో రూపాయి కూడా బయటికి తియ్యకు."

కూతురు కాగితం వెనక్కి తిప్పి చూసింది. తర్వాత తలెత్తింది.

"ఇవన్నీ ఇక్కడున్నాయి నాన్నా. ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. నీకు ఇంగ్లీషు చదవడం రాదు. ఎలా తెలుసు?"

"బ్యాంకులో అనుకుంటుంటారు."

"ఇంగ్లీషు రాకుండా కాగితాలు ఎలా సరిచూస్తావు?"

ఆ ప్రశ్న ఇన్నేళ్ళూ దానికి ఎందుకు తట్టలేదో ఆయనకు తెలుసు. తండ్రి మాట మీద నమ్మకం.

"ఇంక చాలండి," అంది భార్య. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఆయన బ్రష్ కింద పెట్టాడు. "తలుపుల దగ్గర తెలుసుకున్నాను తల్లీ. వాళ్ళు ఏడుస్తూ చెప్తుంటే విని నేర్చుకున్నాను. మీ బొంగరం ఇంట్లో మంచినీళ్ళు తాగింది నేనే."

కుర్చీ వెనక్కి పడింది. కూతురు లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. గట్టిగా వేసినా బాగుండేది. చప్పుడు కాకుండా వేసి, గడియ పెట్టుకుంది.

ఫోను మోగింది. "మెత్తన్నా, బయల్దేరావా? ఇవాళ ఏడు ఇళ్ళు." ఆయన ఫోను కట్టేశాడు.

"దాని చదువంతా ఆ డబ్బుతోనే అయిందని మాత్రం చెప్పబోకండి," అంది భార్య, పడ్డ కుర్చీ ఎత్తుతూ. "ఈపాటికి దానికే తట్టి ఉంటుంది."

గంట తర్వాత గడియ తీసిన చప్పుడైంది. కూతురి కళ్ళు వాచి ఉన్నాయి. చేతిలో నింపిన ఫారం ఉంది.

"మూడోదానికే రాశాను. డిపాజిట్ డబ్బు మీరివ్వక్కర్లేదు. ట్యూషన్లు చెప్పుకుని నేనే పెట్టుకుంటాను. బూట్లేసుకోండి, వాళ్ళింటికెళ్దాం. ఎక్కడ అర్జీ పెట్టాలో, నెలకింతని ఎలా ఒప్పించుకోవాలో, మనుషులు ఇంటికి రాకుండా ఏం రాయాలో మీకన్నీ తెలిసే ఉంటాయిగా. వాళ్ళకి చెప్పండి."

నిన్నటిదాకా 'నువ్వు' అన్న పిల్ల. ఈ 'మీరు' చెంపదెబ్బలా తగిలింది. నాన్నా అన్న పిలుపు ఒక్కసారి కూడా రాలేదు.

"తెలుసమ్మా. కానీ నన్ను చూస్తే వాళ్ళు తలుపు తియ్యరు."

"నేను కొడతాను. మీరు వెనక నిలబడండి."

దారంతా ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత ఎడం. మెట్లు కూతురు ముందెక్కింది. తలుపు తీసిన బొంగరం వాళ్ళమ్మ ఈ అమ్మాయిని చూసి నవ్వబోయి, వెనకున్న మనిషిని చూసింది. ఆ నవ్వు అక్కడే చచ్చిపోయింది. ఒక చెయ్యి గుమ్మానికి అడ్డంగా పెట్టింది. రెండో చెయ్యి లోపల ఎవరినో వెనక్కి నెట్టింది.

"అమ్మాయి ఇంట్లో లేదయ్యా. మిషను కూడా అమ్మి కట్టాం కదా. మిగిలింది వచ్చే నెల..." అంటూనే చేతులు జోడించింది.

జోడించిన చేతులు ఆయన వందల్లో చూశాడు. జీతం వచ్చేది వాటివల్లనే. అన్ని గుమ్మాల్లోనూ తగిన మాట దొరికేది. ఇక్కడ ఆయన చూపంతా కూతురి వీపు మీదే ఉంది. అది ఒక్క అడుగు పక్కకు జరిగి, ఈ మనిషెవరో నాకు తెలియదన్నట్టు నిలబడితే చాలు. తప్పుపట్టే హక్కు ఆయనకు లేదు.

కూతురు వెనక్కి తిరగలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాపి, తడుముకుని, ఆయన చొక్కా చెయ్యి దొరకబుచ్చుకుని ముందుకు లాగింది.

"భయపడకండి ఆంటీ," అంది. "ఈయన మా నాన్న."

ఆమె ఒకసారి పిల్ల మొహం, ఒకసారి ఆయన మొహం చూసింది. చెయ్యి మళ్ళీ గుమ్మానికి అడ్డం పెట్టింది. ఆయన 'తప్పయిపోయిందమ్మా' అనబోయాడు. అక్కడే మెట్టు మీద కూలబడి, పైవాటా వాళ్ళు తొంగిచూస్తున్నా లెక్కచెయ్యక వెక్కి వెక్కి ఏడ్చాడు.

కూతురు కూడా ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుంది. చొక్కా చెయ్యి వదల్లేదు.