వాల్డెనో ఉత్తరం

"కాల్చేశావా? చెప్పరా, కాల్చేశావా?"

బారన్ రైట్‌స్టైన్ తన ముసలి నౌకరు లోరెంట్స్ గొంతు పట్టుకుని ఊపేస్తున్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు విడదీశారు. నౌకరును కింది అంతస్తుకి తీసుకెళ్లారు.

వియన్నా. 1815 జనవరి. ఉదయం 9.50.

పదకొండు గంటలకి యూరప్ రాజ్యాల మహాసభలో సాక్సనీ కొత్త సరిహద్దు గీస్తారు. వాల్డెనో పట్టణం ప్రష్యాకి పోకూడదని ఒక రష్యన్ జనరల్ సంతకం చేసిచ్చిన ఉత్తరం ఆ ఊరి రాయబారి అయిన బారన్ బల్ల సొరుగులో ఉండాలి.

సొరుగు తాళం పగిలింది. ఉత్తరం లేదు.

"అది లేకపోతే మా ఊరు పోయినట్టే ఇన్‌స్పెక్టర్ గారూ! ముప్ఫై వేల మంది నన్ను నమ్ముకుని ఉన్నారు. వాళ్లకి నా మొహం ఎలా చూపించను?"

ఇన్‌స్పెక్టర్ హోల్‌ట్సర్ ఆయన్ని పక్క గదిలో కూర్చోబెట్టి వచ్చాడు.

"లోరెంట్స్ కాల్చడం చూసిందెవరు?"

"నేనే," అన్నాడు ఎమిల్. బారన్ మేనల్లుడు. పుట్టి పెరిగింది పారిస్‌లో. కార్యదర్శి పనికని నిన్న సాయంత్రమే దిగాడు.

"ఎన్నింటికి?"

"ఎనిమిదింపావుకి. తలుపు సందులోంచి చూశాను."

"ఏం చూశారు?"

"లోరెంట్స్ కాగితం మడిచాడు. ఆ మూల పొయ్యి తలుపు తీసి లోపల పడేశాడు. మూసేశాడు."

"ముసలాడు ఒప్పుకోవడం లేదే?"

"దొంగ ఎక్కడైనా ఒప్పుకుంటాడా? మీరు పోలీసులేనా?"

హోల్‌ట్సర్ ఆ మూలకి వెళ్లాడు. గదిని వెచ్చబరిచే తెల్ల పెంకుల పొయ్యి చుట్టూ చేత్తో తడిమాడు. వెనక నడవలోకి వెళ్లాడు.

అక్కడ రేజీ అనే ముసలమ్మ గోడలోని మంటలోకి కట్టెలు తోస్తోంది.

"ఈ పొద్దున ఇటు ఎవరైనా వచ్చారా, అవ్వా?"

"ఈ మసిలోకా? అయిదున్నర నుంచి నేనూ, ఈ కట్టెలూ."

"లోరెంట్స్ రాలేదా?"

"వస్తే రెండు మొద్దులు మోయించకుండా వదిలేదాన్నా అయ్యా?"

10.20. అందరినీ బారన్ గదిలోకి పిలిచారు. లోరెంట్స్‌నీ పైకి తెచ్చారు.

"ఎమిల్ గారూ, ఆ పొయ్యి తలుపు ఒకసారి తీయండి."

ఎమిల్ వెళ్లాడు. కుడివైపు చూశాడు. ఎడమవైపు చూశాడు. అన్నీ పెంకులే. అతని వేళ్లు వాటి మీద తడబడ్డాయి.

"ఇటువైపు తలుపు ఉండదు," అన్నాడు హోల్‌ట్సర్. "ఇలాంటి ఇళ్లలో నౌకర్లు మసితో గదిలోకి రాకూడదని వెనక నడవలోంచి మంట వేస్తారు. పారిస్‌లో మంట గదిలోనే ఉంటుంది. మీరు ఆ అలవాటుతో కథ అల్లారు."

బారన్ లేచి నిలబడ్డాడు. "అంటే... ఉత్తరం కాలలేదా?"

"కాలలేదు. కాలిపోయిందంటే ఎవరూ వెతకరని ఆ అబద్ధం."

"మామయ్యా, ఈయన మాటలు..."

"మీ మేనల్లుణ్ణి సోదా చేయాలంటే మీ అనుమతి కావాలి బారన్ గారూ. రాయబారి ఇంటివాళ్ల మీద పోలీసులు చెయ్యి వేయకూడదు. సభకి ఇక నలభై నిమిషాలే. మీ నోటితో చెప్పండి. దొంగ ఎవరు?"

బారన్ నౌకరు వైపు తిరిగాడు. లోరెంట్స్ మెడ మీద తన వేళ్ల గుర్తులు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"మా అక్కకి వీడొక్కడే..." ఆయన కళ్లు మూసుకున్నాడు.

"ఎమిల్. దొంగ ఎమిలే. కోటు విప్పించండి."