షట్టర్ లోపలి నోటీసు

“మీ అక్క సెర్చ్‌లోకి వచ్చేసిందోయ్,” అన్నాడు పెద్దాయన.

కుందేలుకి అరికాళ్లు చల్లబడ్డాయి. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని కుందేలు అనే పిలుస్తారు. తన వేగం చూసి పెట్టిన పేరని అతని నమ్మకం. అసలు కారణం చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఎంతైనా సీక్రెట్ ఏజెంట్ కదా!

పెద్దాయన బల్లమీది ఫోన్ ఇటు తోశాడు. సెర్చ్ బాక్సులో ‘మూడు నీలి బొత్తాల గౌను’ అని కొట్టి ఉంది. అది అక్క కోడ్. శత్రువుల నగరంలో దర్జీ షాపు పెట్టుకుని, కుట్టుపని యాప్‌లో గౌన్ల ఫోటోల మాటున రహస్యాలు పంపుతోంది ఆవిడ. ఆ యాప్‌లో ఏ షాపు పేజీ అయినా దాని ఖాతాదారులకే కనిపిస్తుంది. సెర్చ్ ఇంజన్‌కి ప్రహరీగోడ తప్ప లోపలి గదులు కనబడవు. ఏరికోరి ఆ యాప్‌ని ఎంచుకున్నది అందుకే.

“నిన్న కంపెనీవాళ్లు కొత్త వెర్షన్ వదిలారు,” అన్నాడు పెద్దాయన. “లోపలున్న ప్రతి పేజీకీ బయటికో లింకు ఇచ్చారు. సెర్చ్ ఇంజన్ వచ్చి అన్నీ కాపీ చేసుకుపోయింది. ఫోటో, షాపు అడ్రసు, సర్వం.”

“శత్రువులకి కోడ్ తెలుసా సార్?”

“కోడ్ దొరికింది. షాపు దొరకలేదు. ఇన్ని లక్షల షాపుల్లో ఎక్కడని వెతుకుతారు? ఇప్పుడా శ్రమ లేదు, టైప్ చేస్తే చాలు. ప్రస్తుతానికి గౌన్లు అమ్మేవాళ్లందరి కిందా ఎక్కడో అడుగున ఉంది. కానీ ఎవరో పనిగట్టుకుని పైకి తోస్తున్నారు.”

“అక్కకి చెప్పెయ్యండి సార్!”

“ఆవిడ మన ఫోన్ తెరిచేది సాయంత్రం షాపు కట్టేశాకే. ఈలోగా...” పెద్దాయన మిగతా మాట మింగేసి ఓ పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు. “ఇందులో నోటీసుంది. ‘ఈ పేజీని సెర్చ్‌లో చూపించొద్దు’ అని. కంపెనీ సర్వర్‌కి గుచ్చితే ప్రతి పేజీకీ అంటుకుంటుంది. లోపల మన మనిషి ఉంది, నెమలి అంటారు. సాయం చేస్తుంది. షాపు ఏదన్నది మాత్రం ఆమెకీ చెప్పకు.”

ఏసీ మెకానిక్ వేషంలో ఆ అద్దాల భవనంలోకి అడుగుపెట్టేసరికి కుందేలు చొక్కా వీపుకి అతుక్కుపోయింది. లిఫ్ట్‌లో ఫోన్ చూసుకున్నాడు. అడుగున ఉన్న అక్క ఐదో పేజీకి ఎక్కింది. చిన్నప్పుడు జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చున్న అక్క. ఆ ఫోటోలో మెడలో టేపు వేసుకుని నవ్వుతోంది. అబ్బా, ఆ నవ్వు ఆపవే తల్లీ, అని ఫోన్‌తో మొరపెట్టుకున్నాడు.

సెర్చ్ విభాగం గుమ్మంలో నెమలి నిలబడి ఉంది. నల్లటి సిల్కు, ఎర్రటి పెదాలు, మనిషికంటే ముందే పలకరించే సెంటు.

“ఇక్కడ చల్లగానే ఉందే,” అంది. అది కోడ్.

“మ... మధ్యాహ్నానికి వేడెక్కుతుందట,” అన్నాడు కుందేలు. కోడ్ కాస్తా దగ్గులా వచ్చింది.

నెమలి నవ్వి సర్వర్ గదిలోకి తీసుకెళ్లింది. పెన్‌డ్రైవ్ గుచ్చాడు. తెరమీద ఆకుపచ్చ గీత నిండింది. ప్రతి పేజీకీ నోటీసు అంటుకుంది.

“అమ్మయ్య,” అన్నాడు.

“అప్పుడే అమ్మయ్య ఏమిటండీ?” నెమలి కీబోర్డు అతనివైపు జరిపింది. “నోటీసు ఒక్కటీ చాలుతుందా? గేటు కూడా వేసెయ్యండి. ఒక్క లైను రాస్తే సెర్చ్ ఇంజన్ లోపలికి అడుగే పెట్టదు. మీవాళ్లకి డబుల్ సేఫ్టీ.”

ఎంత చల్లని మాట! భయపడేవాడికి తలుపు మూయమంటే అంతకన్నా ఏం కావాలి? కుందేలు గబగబా ఆ లైను టైప్ చేసేశాడు. ఎంటర్ మీద వేలు పెట్టాడు.

అక్కడే ఆగిపోయాడు.

అక్క మొదటి షాపు గుర్తొచ్చింది. పెళ్లికి వెళ్తూ, ‘ఈరోజు షాపు లేదు’ అని కాగితం అంటించమని తనకి అప్పజెప్పింది. ఎవరైనా చింపేస్తారేమోనని భయపడి, దాన్ని లోపలి అద్దానికి అంటించి షట్టర్ దించేశాడు. జనం సాయంత్రందాకా షట్టర్ బాదుతూనే ఉన్నారట. తిరిగొచ్చాక అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. “నోటీసు లోపల పెట్టి షట్టర్ దించితే చదివేదెవడ్రా, తింగరి సన్నాసీ!”

గేటు వేసేస్తే సెర్చ్ ఇంజన్ లోపలికి రాదు. రాకపోతే నోటీసు చదవదు. చదవకపోతే నిన్నటి కాపీ అలాగే ఉంటుంది, అక్క అడ్రసుతో సహా.

ఈ సంగతి నెమలికి తెలియకపోవడమేమిటి? రోజూ ఆమె చేసే పనే ఇది!

“గేటు తెరిచే ఉంచుదామండీ,” అన్నాడు లైను చెరిపేస్తూ.

నెమలి మొహంలో నవ్వు ఎగిరిపోయింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసి మూత తిప్పింది. రంగుకి బదులు సూది మెరిసింది. “ఎంటర్ కొట్టి ఉంటే హాయిగా ఇంటికెళ్లేవాడివి,” అంది.

కుందేలుకి పైప్రాణాలు పైనే పోయాయి. చేతికి అందినదల్లా ఏసీ కాయిల్ కడిగే నురగ స్ప్రే డబ్బా. కళ్లు మూసుకుని నొక్కేశాడు. సిల్కూ సెంటూ నురగలో మునిగిపోయాయి. లిప్‌స్టిక్ ఎటో ఎగిరింది, నెమలి కాలుజారి వెల్లకిలా పడి స్పృహ తప్పింది.

అతను సెర్చ్ ఇంజన్‌ని ‘మళ్లీ వచ్చి చదువుకో’ అని పిలిచే బటన్ నొక్కాడు. ఫోన్ చూశాడు. అక్క రెండో పేజీలో మొట్టమొదటే ఉంది. ఇంకొక్క మెట్టు ఎక్కిందా, అంతే. అన్ని తలుపులూ బార్లా తెరిచిపెట్టి శత్రువు ఎదురుగా ఊరికే కూర్చోవడం! జన్మలో ఇంత భయపడలేదు. రావే, తొందరగా రావే, అని ఓ యంత్రాన్ని బతిమాలాడు.

సర్వర్ తెరమీద ఒక లైను కదిలింది. సెర్చ్ ఇంజన్ వచ్చింది, చదివింది, వెళ్లిపోయింది. అతను ఫోన్‌లో మళ్లీ వెతికాడు. వేరేవాళ్ల గౌన్లు ఎన్నో వచ్చాయి. అక్క లేదు. కుందేలు నేలమీద చతికిలబడి భోరుమన్నాడు.

సాయంత్రం గౌను ఫోటో మాటున అక్క సందేశం వచ్చింది.

“ఏరా, నిన్న ఎవరెవరో సెర్చ్‌లో చూశామంటూ వచ్చారు, బేరాలు భలే సాగాయి. ఇవాళ పొద్దెక్కాక ఒక్క పురుగూ లేదు. ఏమైందో కాస్త కనుక్కో!”